పదింబావు తల

మా బావ వెంకట్రాజం, తల కొలవకుండా ఏ బొమ్మనూ కొనడు. ముఖం ఎట్లా ఉంది, రంగు పోయిందా, చేతిలో కత్తి ఉందా విరిగిందా, లోకంలో అలాంటివి ఎన్ని ఉన్నాయి, ఇవేవీ ఆయనకు పట్టవు. పగలంతా మెడలో వేలాడే టేపు తీస్తాడు, బొమ్మ నుదుటి మీదుగా వెనక్కి చుడతాడు, ఒక కన్ను మూసి అంకె చూస్తాడు. అంకె కుదిరితే కొంటాడు. కుదరకపోతే బొమ్మకు దండం పెట్టి, "ఏమనుకోకు బిడ్డా" అని చెప్పి పక్క దుకాణానికి పోతాడు.

నిర్మల్ బొమ్మలనో కొండపల్లి బొమ్మలనో అనుకునేరు. ఇవి జపాన్ బొమ్మలు. అక్కడి కార్టూన్ కథల్లోని అమ్మాయిలు, కత్తివీరులు, కొమ్ముల రాక్షసులు, మాట్లాడే పిల్లులు. ముఖంలో సగం కళ్లే ఉంటాయి, ముక్కు మాత్రం ఉందా అంటే ఉంది. వీటిని యానిమే ఫిగర్లు అంటారు, కాలేజీ పిల్లలు కొని దాచుకుంటారు. మా బావకు యాభై మూడేళ్లు. కాజీపేట దగ్గరి సుబేదారిలో లేడీస్ టైలరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి బీపీ గోలీ వేసుకుంటాడు. నేను ఆయన ఏకైక బామ్మర్దిని, పేరు హరీశ్. నా ఆఫీసు ఆయన దుకాణానికి ఎదురుగా ఉండటం నా జాతకంలోనే రాసి ఉంది. టీ పేరుతో రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోతాను కాబట్టి ఈ కథలో ప్రతి ముక్కకూ నేనే సాక్షిని.

ఈ పిచ్చి మా మేనకోడలు దీపతో మొదలైంది. చదువుకోవడానికి హైదరాబాదు హాస్టలుకు పోతూ పోతూ ఒక ఫిగర్‌ను ఇంట్లో మరచిపోయింది. మా బావ దాని దుమ్ము దులుపుతూ అక్కడే ఆగిపోయాడు. వెంటనే ఫోను చేశాడు.

"దీపా, గీ పిల్ల కోటుకు ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్న పొడుగున్నది. ఎవడు కుట్టిండు?"

"కుట్టుడు కాదు బాపూ, అది ప్లాస్టిక్. అచ్చుల పోస్తరు."

"అచ్చు పోసెటోనికి కొలతలు రావా?"

కథలో కూడా కోటు అట్లాగే ఉంటుందేమో చూద్దామని ఆ కార్టూన్ పెట్టుకున్నాడు. పదకొండు రోజులు చూశాడు. పన్నెండో రోజు కోటు సంగతి మరచిపోయి, ఆ పిల్లను మోసం చేసిన సేనాపతిని తిట్టుకుంటూ బటన్లు కుడుతున్నాడు. ఆ ఏటి దసరా పండక్కి దీప ఇంటికి వచ్చేసరికి దుకాణంలో పదమూడు బొమ్మలున్నాయి. ఇప్పుడు అరవై రెండు. అన్నిటికీ పేర్లు పెట్టాడు. ఆకుపచ్చ జుట్టు పిల్ల చిలుకమ్మ. కొమ్ముల రాక్షసుడు సారంగపాణి. దుకాణం అద్దెకిచ్చిన ఓనరు పేరు కూడా అదే, ఆయనకు ఈ సంగతి ఇంకా తెలియదు.

బొమ్మలు కొని ఊరుకున్నా బాగుండేది. వాటికి బట్టలు కుట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి తొర్రూరు నుంచి ఒకావిడ జాకెట్ కోసం మూడోసారి బస్సెక్కి వచ్చింది.

"టైలరన్నా, నా జాకెట్ ఏమాయె?"

"రేపమ్మా."

"మరి గా బొమ్మకు కొత్త గౌను కుట్టినవ్ కద."

"ఆమెకు రేపంటే నడ్వదమ్మా. పొద్దటి సంది కన్నార్పకుండ నన్నే చూస్తాంది."

తొర్రూరావిడ అదృష్టవంతురాలు, మూడోసారికి అడగగలిగింది. మా అక్క సుభాషిణి, అంటే ఆయన భార్య, ముందటేడు బతుకమ్మకు జాకెట్ ముక్క ఇచ్చింది. ఆ బతుకమ్మ పోయింది, ఇంకో బతుకమ్మ వచ్చి పోయింది. అడిగినప్పుడల్లా బావ "రేపు" అంటాడు. లేడీస్ టైలర్ పెళ్లాం రెడీమేడ్ జాకెట్ వేసుకుని బతుకమ్మ ఆడిందని వీధంతా చెప్పుకున్నారు.

రెండేళ్ల కిందట ఈ పిచ్చికి ఇంకో తోక మొలిచింది. కత్తివీరులు, రాక్షసులు కొనడం తగ్గిపోయింది. జానెడు ఒళ్లు, గుమ్మడికాయంత తల ఉండే చిట్టి ఫిగర్లుంటాయి, వాటి మీద పడ్డాడు. తల కొలవడం అప్పటి నుంచే. పదకొండు ఇంచుల తలవి, పదకొండున్నరవి, పన్నెండువి వరుసగా పెట్టాడు. వాటికి టోపీలు, చేతి తొడుగులు, ముడులేసే చిన్న చొక్కాలు కుట్టాడు. ఒకరోజు నేను ఒక బొమ్మ టోపీ తీయబోతే చెయ్యి మీద కొట్టాడు.

"ముట్టకుర. ఇంక ఒక దినం కాలే."

"ఒక దినం ఏంది బావా?"

"తొడిగి ఒక దినమన్న ఉండాలె. నీకు తెల్వది."

నాకు నిజంగానే తెలియలేదు. ఈ గురువారం తొడిగిన బట్టలు వచ్చే గురువారానికి ఉండేవి కావు, వాటి చోట కొత్తవి ఉండేవి. పాతవి ఎక్కడికి పోయాయని నేను అడగలేదు. పిచ్చికి లెక్కాపత్రం ఏముంటుందని ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను. అక్క ఊరుకోలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను చేసింది. "తమ్మీ, జర్ర ఇంటికి రా. ఎవ్వరికి చెప్పకు." పోయాను. మంచం మీద ఒక సంచి విప్పి పెట్టి ఉంది. అందులో నా పిడికిలికి కూడా పట్టని ఎర్ర టోపీ, నా బొటనవేలంత చేతి తొడుగులు, బొమ్మ చొక్కాలు.

"మీ బావ స్కూటర్ డిక్కీల దొరికినయ్" అంది అక్క.

"బొమ్మలయి కదక్కా."

"బొమ్మల బట్టలు బొమ్మల మీద ఉండాలె. డిక్కీల ఎందుకుంటయ్? గురువారం గురువారం రెండు గంటలు దుకాణం బందు పెట్టి ఎటు పోతాండు? అడిగితే దారాలు కొనవోయిన అంటాండు. గంత దారంతోని ఏనుగుకు అంగీ కుట్టచ్చు." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకో సంసారం పెట్టిండు తమ్మీ. అక్కడ పసిపిల్ల ఉన్నది."

"అక్కా, ఆయనకు ఒక్క సంసారానికే జాకెట్ కుట్ట చాతనైతలేదు."

"గందుకే చాతనైతలేదు" అంది అక్క. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆఖరికి అక్క తేల్చి చెప్పింది. ఆదివారం హైదరాబాదులో బొమ్మల మేళా ఉంది. బావతో నేను పోవాలి. సంగతేందో కనుక్కోవాలి. లేకపోతే సోమవారం పొద్దున ఆమె తొర్రూరులో ఉన్న మా అమ్మ దగ్గరికి పోతుంది, మళ్లీ రాదు. బట్టల బ్యాగు అప్పటికే సర్ది తలుపు వెనక పెట్టింది. ముప్పై ఏళ్ల కాపురం నా గూఢచారితనం మీద నిలబడింది. నేను ఆఫీసులో పోయిన ఫైలునే ఇప్పటికీ వెతకలేకపోయినవాణ్ని.

ఆదివారం కాజీపేటలో బండెక్కాం. బావ మేడారం జాతరకు పోయినట్టు తయారై వచ్చాడు. సర్వపిండి డబ్బా, నీళ్ల సీసా, చాప, మెడలో టేపు, కాలరుకు గుచ్చిన మూడు సూదులు. మేళా హాలు దగ్గర దీప మమ్మల్ని కలిసి, "బాపూ, ఈసారి ఎవరినీ కొలవకు" అని మొదటే చెప్పింది. లోపల ఎటు చూసినా వేషాలు కట్టిన పిల్లలే. నీలి జుట్లు, అట్టముక్క కవచాలు, తోకలు. మా బావ అడుగడుగునా ఆగి వాళ్ల కుట్లు చూసి బాధపడ్డాడు. ఒక అమ్మాయి పొడుగాటి అంగవస్త్రం కాలి కింద పడి భుజం దగ్గర చర్రున చిరిగింది. పది నిమిషాల్లో ఆమె వేషాల పోటీకి స్టేజీ ఎక్కాలట, కళ్లలో నీళ్లు.

"కదలకు బిడ్డా" అని బావ సూది తీశాడు. రెండు నిమిషాల్లో అతికేశాడు. ఆమె సంతోషంగా పోయింది, కానీ చూసినవాళ్లు పోలేదు. మేం వెనక్కి తిరిగేసరికి లైను. రెక్క ఊడిన దేవత, తోక జారిన నక్క, ప్యాంటు పిగిలిన యోధుడు. బావ చాప పరిచి కూర్చున్నాడు. యోధుడు సిగ్గుపడుతూ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నేను దారం ఎక్కించి ఇస్తూ ఒక గంట గడిపాను. ప్రభుత్వోద్యోగిని, ఆదివారం సెలవు, రాక్షసుల ప్యాంట్లకు దారం.

తర్వాత బావ ఓంప్రకాశ్ అనే అతని స్టాలు ముందు ఆగాడు. చిట్టి ఫిగర్లన్నీ అక్కడే ఉన్నాయి.

"తల పదింబావుది ఉన్నదా?" అని అడిగాడు.

ఓంప్రకాశ్ తన స్టాలునంతా ఒకసారి చూసుకున్నాడు. "ఏ సిరీస్‌ది అంకుల్?"

"ఏదైన సరే. తల పది ఇంచుల పావు. జుట్టు గుబురుగ ఉండద్దు, కొలత తప్పుతది."

ఓంప్రకాశ్ మంచి మనిషి. వరుసగా డబ్బాలు ముందు పెట్టాడు. బావ సీలు చింపబోయాడు. స్టాలు చుట్టూ ఉన్న పిల్లలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

"అంకుల్, సీలు తెరిస్తే విలువ పోతది. దీన్ని ఎవ్వరు తెరువరు, గట్లనే పెట్టుకుంటరు."

"తెరవకపోతే తల ఎట్ల కొలవాలె?"

"తల ఎవ్వరు కొలవరు అంకుల్."

ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. చివరికి షోకు పెట్టిన విడి బొమ్మలను కొలవనిచ్చాడు. ఒకటి పదకొండు. ఒకటి పదిన్నర. బావ ముఖం వాడిపోతూ వచ్చింది. అప్పుడు బల్ల మూలన ఒక గుండు సన్యాసి బొమ్మ కనిపించింది. ఎడమ చెయ్యి లేదు, బుగ్గ మీద రంగు లేచిపోయింది. బావ టేపు చుట్టి కన్ను మూశాడు.

"పదింబావు" అన్నాడు.

"అది విరిగింది అంకుల్. అమ్మకానికి కాదు, ఊరికెనే పెట్టిన. దాని బదులు ఇది చూడండి, మొత్తం ఇండియాల నాలుగే ఉన్నయ్."

"నాకు ఇదే కావాలె. ఒక్కటి చాలు." అని ఆ సన్యాసిని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు.

తిరుగు బండిలో నేను నా గూఢచారితనం మొదలుపెట్టాను. బావ కిటికీ పక్కన కూర్చుని బొమ్మ గుండు మీద మెత్తటి తెల్లబట్ట పెట్టి టోపీ కుడుతున్నాడు.

"పదింబావే ఎందుకు బావా?"

ఆయన దారం పంటితో కొరికి, పరధ్యానంగా, "మన దగ్గర అంత చిన్నది లేకుండె. ఆడపిల్ల. మంగళవారం పుట్టింది" అన్నాడు. అన్నాక ఉలిక్కిపడి నా వైపు చూశాడు. "నీకెందుకుర? సర్వపిండి తిను."

సర్వపిండి డబ్బా మూసేశాను. బండి దిగగానే అక్కకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క "ఆడపిల్లనా" అంది. అంతే. ఆమె గొంతు అట్లా వినడం నాకు అదే మొదటిసారి. ఆ సాయంత్రం బావ టోపీ పెట్టిన సన్యాసిని టీవీ మీద కూర్చోబెట్టి, ఎవరూ ముట్టొద్దని చెప్పాడట. అక్క వంటింట్లోంచి ఆ గుండును చూస్తూనే ఉందట.

సోమవారం పొద్దున బావ టోపీ జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు. గురువారం కాకపోయినా, తొడిగి ఒక దినం నిండకపోయినా పోయాడు, అంత తొందర. వెనకే అక్క, నేను, తలుపు వెనక నుంచి బయటికొచ్చిన బ్యాగు, ముగ్గురం ఒక ఆటోలో. స్కూటరు పోయి పోయి పెద్ద దవాఖానలోకి తిరిగింది.

"బాలింత ఇంకా దవాఖాననే ఉన్నట్టున్నది" అంది అక్క. ఏడవలేదు. కొంగు నడుముకు దోపింది. ఏడిస్తేనే నాకు నయంగా ఉండేది.

పసిపిల్లల వార్డు వరండాలో మేం ఒక స్తంభం చాటున నిలబడ్డాం. బావ పక్కన మొగిలమ్మ అనే నర్సు ఉంది. ఎదురుగా ములుగు వైపు నుంచి వచ్చిన రాజవ్వ అనే ముసలమ్మ. ఆమె కోడలు లక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుంది. లోపల గాజు పెట్టెలో ఆమె బిడ్డ, నెలలు నిండకుండా పుట్టింది, కిలో కూడా లేదు.

"అవ్వా, పిల్లకు తల సల్లవడద్దు" అంటోంది మొగిలమ్మ, బావ తెచ్చిన టోపీని ముసలమ్మ చేతిలో పెట్టి. "షాపుల దొరికే టోపీ పెడితే మూతి దాక జారుతాంది. గిది సక్కగ ఉంటది, ఉడకవెట్టి తొడుగుతం."

"ఇరవయ్యొక్క దినాలు కాంది కొత్త బట్ట ఒంటి మీద ఎయ్యద్దు" అంది రాజవ్వ. "మా ఇంటా వంటా లేదు. పాతదుంటే తే."

"గంత చిన్న పాతది యాడ దొరుకుతదవ్వా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇది కొత్తది కాదవ్వా. మా పిలగాడు తొడిగి ఇడిసిందే."

"నీకు పిలగాడున్నడా?"

బావ ఫోను తీసి ఫొటో చూపించాడు. అక్క వాళ్లింటి టీవీ, టీవీ మీద సన్యాసి. టోపీ తీశాక పొద్దున దించిన ఫొటో. నాకు నవ్వు ఆగక స్తంభాన్ని పట్టుకున్నాను. పక్కన అక్క నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది.

రాజవ్వ ఫోనును దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "గుండు మంచిగున్నది. పుట్టెంటుకలు యాడ తీయించిండ్రు?"

"ఏములాడ గుడిల" అన్నాడు బావ, తడుముకోకుండా.

"కండ్లు గంత పెద్దగున్నయ్."

"తల్లి పోలిక."

"మరి తల్లేది?"

బావ ఫోను జేబులో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. మొగిలమ్మ నేల చూసింది. నా పక్కన స్తంభం చాటు ఖాళీ అయింది. చూస్తే అక్క బ్యాగుతో సహా వరండా మధ్యలో నిలబడి ఉంది.

"నేనే అవ్వా" అంది.

రాజవ్వ ఆమెను నెరిసిన పాపిట నుంచి కాళ్ల దాకా చూసింది. "ఆలస్యంగ పుట్టిండా?"

"చాన ఆలస్యంగ."

"మంచిది. తల్లి కూడ చెప్తాంది కద, తొడుగుండ్రి" అని రాజవ్వ టోపీని మొగిలమ్మ చేతిలో పెట్టింది.

రెండేళ్ల కిందట మొగిలమ్మ జాకెట్ కోసం దుకాణానికి వచ్చి, బొమ్మ నెత్తిన టోపీ చూసి, మా వార్డుల పసిపిల్లల తలలు గింతే ఉంటయ్ అన్నదట. ఆమె కొలత చెబుతుంది, ఈయన ఆ తల ఉన్న బొమ్మను వెతుకుతాడు, తొడిగి చూస్తాడు, ఒక దినం ఉంచి పాతది చేస్తాడు, పట్టుకొస్తాడు. ఆ వరండాలోనే బెంచీ మీద కూర్చుని మొగిలమ్మ ఇదంతా చెప్పింది. బావ మాత్రం దొంగ దొరికినట్టు టేపు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"గురువారం గురువారం గీడికేనా?" అని అక్క అడిగింది.

"ఆ."

"నాకెందుకు చెప్పలే?"

"అబద్ధమాయె సుభాషిణీ. నీకు చెప్తే హరీశ్‌కు తెలుస్తది. వీనికి తెలిస్తే సుబేదారి మొత్తానికి తెలుస్తది. ముసలమ్మల దాక పోతే ఒక్క టోపీ కూడ తొడగనియ్యరు."

నేను పక్కనే ఉన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

"నా బీరువల ఇరవై పాత నూలు చీరలున్నయ్" అంది అక్క. "వాటితోని కుడితే అబద్ధం ఎందుకు ఆడుడు? రెండేండ్ల సంది గింత ఆలోచన రాలేదా?"

బావ తల వంచుకున్నాడు. "వచ్చింది. బట్ట ముచ్చట ఎత్తితే నీకు జాకెట్ యాదికొస్తదని అడగలే."

అక్క నవ్వింది. మూడు రోజులుగా పట్టి ఉంచిన ఏడుపు కూడా ఆ నవ్వులోనే బయటికొచ్చింది. నేను బ్యాగు పట్టుకుని ఆటో కోసం బయటికి నడిచాను, ఎందుకంటే నా కళ్లలో కూడా ఏదో పడింది, ఒప్పుకుంటాను.

ఆర్నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం టీకి పోతే దుకాణంలో లక్ష్మి, రాజవ్వ కూర్చుని ఉన్నారు. లక్ష్మి ఒడిలో బిడ్డ, రెండు బుగ్గలూ నిండుగా, బావ మెడలోని టేపు కొస చప్పరిస్తోంది. బావ టేపు విడిపించుకుని దాని తల చుట్టూ పెట్టి, కన్ను మూసి, అట్లాగే ఉండిపోయాడు. అంకె చూడమని టేపును అక్కకు ఇచ్చాడు.

"పదిహేనున్నర" అంది అక్క. ఆ మాట ఎదురుగా ఉన్న మా ఆఫీసు దాకా వినిపించిందట.

"మీ పిలగాడేడి?" అని అడిగింది రాజవ్వ. "బడికి పోయిండా?"

పిలగాడు ఆమె తలకు సరిగ్గా పైన, అరలో, ఒంటి చేత్తో కూర్చుని ఉన్నాడు. అక్క చేతికి దొరికిన బట్ట అందుకుని బొమ్మ మీద కప్పేసింది. ఆలస్యమైంది. రాజవ్వ లేచి, బట్ట తీసి, గుండును చూసింది. బావ, అక్క, నేను ముగ్గురం నేల చూశాం.

"మంచిగున్నవా కొడుకా?" అంది రాజవ్వ బొమ్మతో. మా వైపు తిరిగింది. "ఫోటుల చూసిన్నాడే ఎర్కయింది. నాకు కండ్లు కనవడయా? పిలగానికి చెవులు లేకపాయె."

"మరెందుకు ఒప్పుకున్నవవ్వా?" అన్నాను నేను.

"గాయన తొడిగిచ్చే తెచ్చిండు కద. ఎవరు తొడిగిన పాతదే అయితది."

కొంగు ముడి విప్పి, ఉతికి మడత పెట్టిన ఆ చిన్న తెల్ల టోపీ తీసింది. సన్యాసి గుండుకు జాగ్రత్తగా తొడిగి, రెండు వేళ్లతో సరిచేసింది. "గిది నీదే, పెట్టుకో. ఇంకో పిల్లొస్తే ఇద్దువు."

బావ టేపుతో కళ్లు తుడుచుకున్నాడు. అక్క మాత్రం బొమ్మ మీద కప్పిన బట్టను చేతిలోకి తీసుకుని చూస్తోంది. అది బతుకమ్మకు ఇచ్చిన జాకెట్ ముక్క.

"ఎట్లన్న బయటికొచ్చింది కద. గిప్పుడు కుట్టరాదు?" అంది.

"రేపు" అన్నాడు బావ.